డుమువులతో ఇంగ్లీషు ప్రయాణము

యాప్రాల్ సికింద్రాబాదునకు ఉత్తరపు అంచున నున్న పేట. ఒక ప్రక్క సైనికపురి, మరియొక ప్రక్క అమ్ముగూడ. చుట్టుపట్ల సైన్యమునకు చెందిన స్థలములు విస్తారముగా నున్నవి. అందుచేత సైన్యములో పనిచేసి విరమించిన వారి కుటుంబములు పెక్కు ఇచ్చట ఇండ్లు కట్టుకొని స్థిరపడినవి. ఒక్క వీథిలోనే పంజాబీలు, మలయాళీలు, బెంగాలీలు, తెలుగువారు ఇరుగుపొరుగులై యుందురు. ఒకరి భాష మరియొకరికి రాదు. కావున కొంత హిందీ, కొంత ఇంగ్లీషు వారి నడుమ వంతెనగా నున్నవి. ఆ వంతెనలో ఒక చిన్న మేకు సడలినచో నేమగునో నేను కన్నులార చూచితిని. ఆ ముచ్చటతో నా ప్రసంగము నారంభించెదను.

కొన్ని యేండ్ల క్రిందట, మే మాసమున, మా యెదురింటి సుబేదారుగారి తల్లి పంజాబు నుండి వచ్చినది. కొడుకు ఊరిలో లేడు. కోడలు జ్వరముతో నున్న పసిబిడ్డను విడిచి స్టేషనునకు పోలేని స్థితి. సికింద్రాబాదులో చదువుకొనుచున్న బంధువుల కుర్రవాడు పెద్దమ్మను రైలు దింపి యాప్రాల్ బస్సు ఎక్కించుటకు ఏర్పాటయినది. ఆమె ఎక్కడ దిగవలెనో ఎవరికైనను చూపించుకొనునట్లు ఇంగ్లీషులో ఒక చీటి వ్రాసి పంపుమని కోడలు ప్రక్కయింటి పిల్ల నడిగినది. ఆ పిల్ల ఇంటర్మీడియెటు చదువుచు, సాయంకాలము నా యొద్ద ఇంగ్లీషు నేర్చుకొనుచుండెడిది. 'గుడి ముందు దిగండి' అను మాటను ఆమె ఇట్లు వ్రాసినది: 'ప్లీజ్ గెట్ డౌన్ బిఫోర్ ది టెంపుల్.'

బస్సులో నొక యువకుడు ఆ చీటి చదివెను. చదువుకొన్నవాడు, సహృదయుడు. గుడి కంటె ముందున్న స్టాపులో పెద్దమ్మను జాగ్రత్తగా దింపి, సామాను చేతికందించి నమస్కరించి పోయెను. కోడలు గుడి యెదుట గొడుగు పట్టుకొని నిలుచుండెను. అత్తగారు ఆ వెనుక స్టాపు నుండి రెండు సంచులతో, మిట్టమధ్యాహ్నపు టెండలో, తెలియని ఊరిలో నడచి నడచి ఒక వేపచెట్టు క్రింద కూలబడినది. సోడాలమ్ము కొట్టువాడు చూచి నీళ్ళిచ్చి, ఇల్లు వెదకి తెచ్చి అప్పగించినాడు. ఎండదెబ్బ తగిలి ఆమె రెండు దినములు మంచము దిగలేదు.

ఆ సాయంకాలము మా పిల్ల కన్నీళ్ళతో వచ్చి, "ముందు అంటే బిఫోర్ అనే గదా సార్ డిక్షనరీలో ఉన్నది? నేనేం తప్పు రాసిన?" అని యడిగినది.

నేను వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. నిఘంటువు ప్రకారము ఆమె తప్పు చేయలేదు. తెలుగున 'ముందు' అను మాట రెండు పనులు చేయును. 'భోజనమునకు ముందు' అన్నపుడు కాలక్రమము, 'గుడి ముందు' అన్నపుడు ఎదుటి చోటు. ఇంగ్లీషులో కాలమునకును, వరుసకును 'బిఫోర్'. ఎదుటి చోటునకు 'ఇన్ ఫ్రంట్ ఆఫ్'. రాజు ఎదుట, న్యాయాధిపతి ఎదుట నిలుచుట వంటి సందర్భములలో 'బిఫోర్' నేటికిని చోటును చెప్పునుగాని, బస్సు దారిలో మాత్రము అది వరుసనే చెప్పును. 'బిఫోర్ ది టెంపుల్' అనగా గుడి రాకమునుపు అనియే ఆ యువకుడు గ్రహించెను. అతడును తప్పు చేయలేదు. తప్పంతయు రెండు భాషలకు నడుమ నున్న సందులో జరిగినది.

ఈ సందును గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని.

మనలో పెద్దవారందరును చిన్నతనమున డుమువులు వల్లించినవారే. తెలుగులో సంబంధమును తెలుపు ప్రత్యయము నామమునకు వెనుక వచ్చి అతుకుకొనును: ఇంటికి, బస్సులో, ఊరినుండి. ఇంగ్లీషులో ఆ పని చేయు చిన్నమాట నామమునకు ముందు విడిగా నిలుచును. దానినే ప్రిపొజిషన్ అందురు. ముందు వెనుకల భేదము పెద్ద చిక్కు కాదు. పదిదినములలో అలవాటగును. అసలు చిక్కు మరియొకటి. మన ప్రత్యయమొక్కటి చేయు పనిని ఇంగ్లీషు అయిదారు మాటలకు పంచిపెట్టినది.

మన 'కు' చూడుడు. 'సికింద్రాబాదుకు వెళ్ళాను' అన్నచో 'టు'. 'ఆరు గంటలకు వెళ్ళాను' అన్నచో 'ఎట్'. 'ఢిల్లీకి బయలుదేరాను' అన్నచో 'ఫర్'. 'ఆదివారము నాటికి వస్తాను' అన్నచో 'బై'. 'స్టేషను మా ఇంటికి దూరము' అన్నచో, ఆశ్చర్యముగా, 'ఫ్రమ్'. 'ఇంటికి చేరాను' అన్నచో ఏమియు లేదు; 'ఐ రీచ్డ్ హోమ్' అని ఊరకుండవలెను. ఒక్క 'కు' నకు అయిదు మాటలు, ఒక మౌనము! కావుననే మనవారు 'రీచ్డ్ టు సికింద్రాబాద్' అనియు, 'ఫార్ టు మై హౌస్' అనియు, 'లెఫ్ట్ టు ఢిల్లీ' అనియు అనుచుందురు. తెలివి లేక కాదు. తెలుగు నాలుకపై గట్టిగా కూర్చున్నది గనుక.

ఈ యవస్థ మనకు మాత్రమే కలదనుకొనరాదు. 1840లో తెలుగు వ్యాకరణమును, 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర ఇదే సందును ఆవలి గట్టు నుండి దాటవలసి వచ్చినవాడు. ఇంగ్లీషువాడు తెలుగు నేర్చుకొనునపుడు తన ఆరు మాటలను ఒక్క 'కు' లో ఇముడ్చుకొనవలెను. మనము ఒక్క 'కు' ను ఆరుగా విప్పవలెను. ముడుచుట సులభము, విప్పుట కష్టము. మన దేశమున ఇంగ్లీషు బోధనను చక్కదిద్దుటకు 1958లో హైదరాబాదునందే ఒక కేంద్ర సంస్థ వెలసినది. అది 2007 నుండి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమై యున్నది. బోధించువారికి సైతము శిక్షణ కావలసినంత పని ఇందు కలదని దీనివలన తెలియును.

ఇక దారి యేమి? ప్రత్యయమునకు ఇంగ్లీషు మాట యేమని అడుగరాదు. ప్రయాణికు డెక్కడ నున్నాడు, ఎటు కదలుచున్నాడు అని మనస్సులో బొమ్మ వేసుకొనవలెను. బొమ్మ సరిగా నున్నచో మాట చాలవరకు దానంతటదియే వచ్చును.

మొదట వాహనమును చూతము. మనకు బస్సైనను, రైలైనను, కారైనను 'లో' యే. ఇంగ్లీషువాడు రెండు ప్రశ్నలు వేయును. ఏ సాధనముచేత అని మాత్రమే చెప్పవలసినచో 'బై' అనును: 'బై బస్', 'బై ట్రైన్', 'బై కార్'. ఇచ్చట నామమునకు ముందు 'ఎ' గాని 'ది' గాని 'మై' గాని రాకూడదు. ఫలానా వాహనమని నిర్దేశించినంతనే 'బై' తొలగిపోవును. 'బై మై కార్' అనరాదు, 'ఇన్ మై కార్' అనవలెను. 'బై ది సిక్స్ ఓక్లాక్ బస్' అనుట కంటె 'ఆన్ ది సిక్స్ ఓక్లాక్ బస్' అనుట మేలు.

'ఇన్', 'ఆన్' అను వానిలో ఏది యెచ్చట? లేచి నిలుచుండి నాలుగడుగులు వేయదగిన పెద్ద వాహనమునకు 'ఆన్': బస్సు, రైలు, ఓడ, విమానము. తల వంచి లోపల దూరి కూర్చుండవలసిన చిన్నదానికి 'ఇన్': కారు, టాక్సీ, ఆటో. కాళ్ళు ఇరువైపుల వైచి మీద కూర్చుండుదానికి మరల 'ఆన్': సైకిలు, మోటారుసైకిలు, గుఱ్ఱము. ఇందు మన తెలుగు కూడ కలసివచ్చును. సైకిలు మీద పోవుదుముగాని సైకిలులో పోము గదా! నడచి పోవువాడు 'ఆన్ ఫుట్' పోవును. మనవారు 'బై వాక్' అందురు, అది చెల్లదు. 'కాలినడకన' అను మన మాటలోని 'న' సప్తమీ విభక్తి. 'ఆన్ ఫుట్' లోని 'ఆన్' కు అది దగ్గరి చుట్టము. అట్లు జ్ఞాపకముంచుకొన్నచో మరల తప్పుపోదు.

ఎక్కుట, దిగుట అను క్రియలకును ఈ సూత్రమే. బస్సునకు, రైలునకు 'గెట్ ఆన్', 'గెట్ ఆఫ్'. కారునకు, ఆటోకు 'గెట్ ఇంటు', 'గెట్ అవుట్ ఆఫ్'. మన దేశమున అందరును 'గెట్ డౌన్' అందురు. ఇంగ్లీషువాడు దానిని అరుగుమీదినుండియో చెట్టుమీదినుండియో దిగుటకు వాడును. ఐనను ఆ మాట వలన మన దేశములో ఎవరును త్రోవ తప్పలేదు. దానిని గూర్చి పిల్లలను దండించుట నాకిష్టము లేదు.

ఇక చోటు. ఇంగ్లీషువాడు చోటును మూడు విధములుగా చూచును: చుక్కగా, పలకగా, పెట్టెగా. చుక్కకు 'ఎట్', పలకకు 'ఆన్', పెట్టెకు 'ఇన్'. సికింద్రాబాదు స్టేషను ప్రయాణములో ఒక మజిలీ, చుక్క. కావున 'ఎట్ ది స్టేషన్'. ప్లాట్‌ఫారము పలక, 'ఆన్ ది ప్లాట్‌ఫామ్'. వెయిటింగురూము పెట్టె, 'ఇన్ ది వెయిటింగ్ రూమ్'. ఒకే మనుష్యుడు ఒకే నిమిషమున మూడింటను ఉండవచ్చును, మాట మాత్రము చూచుదానిని బట్టి మారును. చేరుటయు ఇట్టిదే. నగరమునకు 'అరైవ్ ఇన్', స్టేషను వంటి చుక్కకు 'అరైవ్ ఎట్'. 'రీచ్' అను క్రియకు మాత్రము ఏ తోడును అక్కరలేదు.

దిక్కు చెప్పుటలో తెలుగు కొంత పిసినారి. 'ఢిల్లీ బండి' అందుము. ఢిల్లీ నుండి వచ్చునదియా, ఢిల్లీకి పోవునదియా? సందర్భమును బట్టి మనము ఊహించుకొందుము. ఇంగ్లీషు చీటిలో 'ది ఢిల్లీ ట్రైన్' అని వ్రాసినచో చదువువా డట్లే ఊహించుకొనవలసి వచ్చును. 'ది ట్రైన్ ఫ్రమ్ ఢిల్లీ' అనియో 'ది ట్రైన్ టు ఢిల్లీ' అనియో వ్రాయుట శ్రేయస్కరము. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు రైలు వచ్చినది. ఆ వాక్యములో 'ఫ్రమ్', 'టు' రెండును స్పష్టముగా నున్నవి. మా ప్రాంతమునే తీసికొందము. సికింద్రాబాదు నుండి మేడ్చలునకు పోవు దారిలో అమ్ముగూడ, అల్వాలు, బొలారం తగులును. అట్టి బండిని గూర్చి 'ఎ ట్రైన్ ఫ్రమ్ సికింద్రాబాద్ టు మేడ్చల్ త్రూ అమ్ముగూడ' అనవలెను. 'త్రూ' అనగా మీదుగా. ఎక్కడ మొదలు, ఎక్కడ తుద, ఏ దారి: మూడింటికి మూడు మాటలు. ఇందులో ఏ యొకటి మారినను మనిషి వేరొక ఊరిలో తేలును.

అన్నిటికంటె ప్రమాదము కాలమునందు కలదు. 'రెండు గంటల నుంచి స్టేషనులో నిలబడి ఉన్నాను' అని ఒకడు ఫోనులో చెప్పెననుకొనుడు. ఎంత సేపటి నుండి నిలుచున్నాడు? రెండు గంటల కాలమా, లేక గడియారము రెండు కొట్టినది మొదలుకొనియా? తెలుగున తేల్చి చెప్పలేము. ఇంగ్లీషులో మొదటిది 'ఫర్ టూ అవర్స్', రెండవది 'సిన్స్ టూ ఓక్లాక్'. ఇచ్చట పరభాష మనకంటె స్పష్టముగా నున్నదని ఒప్పుకొనుటలో చిన్నతనమేమియు లేదు.

మరియొకచోట తెలుగే దారి చూపును. 'ఆరు గంటలకు రా', 'ఆరు గంటలకల్లా రా', 'ఆరు గంటల వరకు ఉండు'. ఈ మూడింటి భేదము తెలుగు పిల్లవానికి నేర్పనక్కరలేదు. మొదటిది 'ఎట్ సిక్స్', రెండవది 'బై సిక్స్', మూడవది 'అంటిల్ సిక్స్'. 'కల్లా' అన్నచో 'బై', 'వరకు' అన్నచో 'అంటిల్' అని గుర్తుంచుకొన్న చాలును. సైనికుల యిండ్ల నడుమ నివసించువానికి ఈ భేదము మరింత బాగుగా తెలియును. ఆరింటికల్లా అన్నచో వారు అయిదు ముప్పావునకే వచ్చి నిలుతురు!

'ఆరు గంటల లోపల' అనుటను మనవారు 'విదిన్ సిక్స్ ఓక్లాక్' అందురు. 'విదిన్' కాలపు పొడవును కొలుచునుగాని గడియారపు చుక్కను చూపదు. 'విదిన్ టూ అవర్స్' సరి, 'విదిన్ సిక్స్ ఓక్లాక్' సరికాదు. అచ్చట 'బిఫోర్ సిక్స్' అనవలెను. 'ఇన్ టూ అవర్స్' అన్నచో ఇప్పటినుండి రెండు గంటలు గడచిన పిమ్మట అని అర్థము. 'విదిన్ టూ అవర్స్' అన్నచో రెండు గంటలు దాటక మునుపు ఎప్పుడైనను. డాక్టరుకొరకు కనిపెట్టుకొనియున్న ఇంటివారికి ఈ రెండింటికి భేదము చిన్నది కాదు. 'ఆన్ టైమ్' అనగా నిర్ణయించిన వేళకు. 'ఇన్ టైమ్' అనగా పని చెడకమునుపు. రైలు 'ఆన్ టైమ్' వచ్చును, మనము 'ఇన్ టైమ్' పోవలెను.

ఇన్ని సూత్రములు విని కొందరికి గుండె జారవచ్చును. ఇంగ్లీషు మాటలాడు జాతులును ఈ విషయమున ఏకాభిప్రాయము గలవారు కారు. ఇల్లు ఫలానా వీథిలో నున్నదని చెప్పుటకు బ్రిటిషువాడు 'ఇన్ ది స్ట్రీట్' అనును, అమెరికావాడు 'ఆన్ ది స్ట్రీట్' అనును. ఇద్దరును ఇంటికి క్షేమముగనే చేరుచున్నారు. కావున తప్పులను రెండు గంపలుగా వేరుచేయుట మంచిది. 'బై వాక్', 'రీచ్డ్ టు', 'గెట్ డౌన్' మొదలగునవి మొదటి గంపలోనివి. ఇవి విన్నవానికి నవ్వు రావచ్చునుగాని అర్థము చెడదు. మెల్లగా దిద్దుకొనవచ్చును. 'బిఫోర్', 'ఇన్ ఫ్రంట్ ఆఫ్', 'ఫ్రమ్', 'టు', 'బై', 'అంటిల్', 'ఇన్', 'విదిన్' అను జంటలు రెండవ గంపలోనివి. వీనిలో తప్పిన మాట మనుష్యుని ఎండలో నిలబెట్టును, బండి తప్పించును. బడిలో మనము మొదటి గంపకు మార్కులు తీసివేయుచు రెండవ గంపను పట్టించుకొనకున్నాము. వాక్యము వ్యాకరణమునకు సరిపడినచో చాలునని విడిచిపెట్టుచున్నాము. మా పిల్ల వ్రాసిన చీటిని పరీక్షలో నేను దిద్దియుండినచో 'గెట్ డౌన్' క్రింద గీత గీచి, 'బిఫోర్' ను దాటిపోయి యుందును. ఆ మాట ఆమెతో చెప్పితిని. తప్పులో సగము పాలు నాదని యొప్పుకొంటిని.

పెద్దమ్మ నెల దినము లుండి తిరుగు ప్రయాణమైనది. దారిలో ఒక దినము అంబాలాలో కూతురింట ఆగవలసి యున్నది. చీటి వ్రాయుమని కోడలు మరల ఆ పిల్లనే యడిగినది; అది నాకు మిక్కిలి నచ్చినది. పిల్ల కాగితమును ముందు పెట్టుకొని వెంటనే వ్రాయలేదు. మొదట ఒక చదరము గీచినది, అది స్టేషను. ఒక గీత గీచినది, అది ప్లాట్‌ఫారము. గీతమీద ఒక చుక్క పెట్టినది, అది పెద్దమ్మ. చుక్క కెదురుగా మరియొక చుక్క, అది కూతురు. ఆ తరువాత కలము తీసికొని, రైలు దిగి ప్లాట్‌ఫారము మీదనే, పుస్తకముల అంగడి యెదుట నిలుచుండుమని వ్రాసినది. ఈసారి 'ఇన్ ఫ్రంట్ ఆఫ్' అని మూడు మాటలును పడినవి.

"సార్, ఇది చూపించి అడిగితే ఎవరైనా సరిగ్గ దింపుతరా?" అని యడిగినది.

"నీ బొమ్మ చూచిన నేను కూడ దిగగలను" అంటిని.

మూడవనాడు అంబాలా నుండి ఫోను వచ్చినది. పెద్దమ్మ కూతురిని పుస్తకముల అంగడి యెదుటనే కలసికొన్నదట. చీటి పడవేయక దాచుకొన్నానని, మరల వచ్చునపుడు అటువంటిదే మరియొకటి వ్రాసి పంపవలెనని ఆ పిల్లతో చెప్పుమన్నదట.